108 వచ్చేలోపు: రైతు కుటుంబాలు తెలుసుకోవాల్సిన సీపీఆర్

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న ముందుగా మొదలైన మూడు జిల్లాల్లో మన అనంతపురం ఒకటి. ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. 108 అంతకన్నా ముందే, 2005 ఆగస్టు 15న ఉమ్మడి రాష్ట్రంలో మొదలైంది. అయితే కార్డు పనిచేసేది ఆసుపత్రికి చేరాక, 108 పనిచేసేది బండి వచ్చాక. గుండె ఆగితే నాలుగైదు నిమిషాల్లో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. మండల కేంద్రం నుంచి మీ చేను దగ్గరికి బండి అంతలో రాగలదా? ఆ కాసేపు చేయాల్సింది పక్కనున్న వాళ్లే.

సీపీఆర్ ఎవరికి చేయాలి?

తట్టి పిలిచినా పలకనివారికి, ఊపిరి ఆడనివారికి. కొందరు ఉండుండి నోరు తెరిచి గుటక వేసినట్టు ఎగపీలుస్తారు. "ఊపిరుంది కదా" అని చాలామంది ఇక్కడే మోసపోతారు. అది ఊపిరి కాదు, వెంటనే మొదలుపెట్టండి. ఎండదెబ్బకు పడిపోయినా ఊపిరి సరిగ్గా ఆడుతుంటే సీపీఆర్ వద్దు. నీడకు చేర్చి, ఒళ్లు తడిపి, 108కు ఫోన్ చేయండి.

బోరు దగ్గర షాక్ కొడితే?

ముందు మనిషిని ముట్టుకోవద్దు. కాపాడబోయి రెండోవాళ్లూ పోయిన ఇళ్లున్నాయి. మెయిన్ దించండి. త్రీఫేజ్ మోటారుకు ఒక్క ఫ్యూజు పీకితే కరెంటు పోయినట్టు కాదు, మూడూ తీయాలి. తెగిపడింది 11 కేవీ తీగైతే ఎండు కర్రతో కూడా దగ్గరికి పోవద్దు, దూరంగా ఉండి 1912కు ఫోన్ చేయండి. కరెంటు పోయిందని ఖాయం చేసుకున్నాకే మనిషి దగ్గరికి వెళ్లండి.

ఎలా చేయాలి?

ఒకరు 108కు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, అటువైపు చెప్పేది వినాలి. మనిషిని మంచం మీద కాదు, గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. రొమ్ము మధ్య ఎముక మీద అరచేతి మడమ పెట్టి, దానిపై రెండో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా మీ బరువంతా వేసి నొక్కండి. పెద్దవాళ్లకు 5 నుంచి 6 సెంటీమీటర్లు దిగాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. నొక్కిన ప్రతిసారీ రొమ్ము పూర్తిగా పైకి లేవనివ్వండి. రెండు నిమిషాలకే చేతులు పడిపోతాయి, అప్పుడు మనిషి మారాలి. పక్కటెముక విరిగిన చప్పుడు వచ్చినా ఆపొద్దు. నోట్లో నీళ్లు, సోడా పోయొద్దు. ఉల్లిపాయ వాసన చూపిస్తూ కూర్చుంటే ఉన్న నిమిషాలూ పోతాయి.

నోటితో ఊపిరి ఇవ్వడం రాకపోతే నొక్కడమొక్కటే చేయండి. నీటి కుంటలో మునిగిన పిల్లలకు మాత్రం ఊపిరి కూడా ముఖ్యం, అది ముందే నేర్చుకుని ఉండాలి.

ఆడమనిషిని ముట్టుకోవచ్చా? కేసవుతుందా?

ముట్టుకోవచ్చు. ప్రాణం పోయేటప్పుడు ఆ సంకోచం వద్దు. రోడ్డు ప్రమాదంలో మంచి మనసుతో సాయం చేసినవారిపై కేసు ఉండదు, మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షన్ (2019 సవరణ) వారికి రక్షణ. పేరు చెప్పాలని కూడా బలవంతం చేయకూడదు.

చదివితే చేతికి రాదు. మీ సచివాలయం ఏఎన్‌ఎంను అడిగి ఒకసారి చేయించుకుని చూడండి, ఇంట్లో గట్టి దిండు మీద రెండు నిమిషాలు నొక్కి చూడండి. మోటారు దగ్గరికి రోజూ పోయే ఇంట్లో కనీసం ఇద్దరికి రావాలి. ఒక్కరికే వస్తే, పడిపోయేది ఆ ఒక్కరే కావచ్చు.