పక్షవాతం: ఆ నాలుగున్నర గంటలు ఎవరివి?

మా వాడలో పక్షవాతం అని ఎవరూ అనరు. ‘కాలు చెయ్యి పడిపోయినయి’ అంటారు. జనగామ దగ్గరి మా ఊర్లో మా నాయినకు అట్లాగే పడిపోయినయి. పొద్దున ఆరింటికి బాగానే లేచిండు. చాయ్ తాగుతుంటే గిలాస చేతిలోంచి జారింది. మూతి ఓ పక్కకు పోయింది, మాట ముద్దగా వచ్చింది. పొద్దెక్కినాక ఆర్‌ఎంపీ వచ్చి సూది వేసిండు. మధ్యాహ్నం ఎవరో చెబితే పావురం నెత్తురు రుద్దిండ్రు. మాపటికి అప్పు పుట్టినాక జీపు మాట్లాడి పట్నం దవాఖానకు తీసుకపోయినం. “పొద్దున్నే తెస్తే ఏమన్నా చేసేవాళ్లం” అన్నాడు అక్కడి డాక్టరు. ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. యూనివర్సిటీకి వచ్చి వైద్య పరిశోధనలు చదివినాకే ఆ ‘పొద్దున’ విలువ తెలిసింది. ఆ విలువేమిటో, అది ఎవరికి అందుతోందో, ఎవరికి అందడం లేదో చర్చించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మెదడుకు నెత్తురు తీసుకపోయే నాళం గడ్డతో మూసుకుపోయినా, చిట్లిపోయినా పక్షవాతం వస్తుంది. మూసుకుపోయేవే ఎక్కువ. బయటికి రెండూ ఒక్కతీరే కనిపిస్తాయి, సి.టి. స్కాన్ తీస్తే తప్ప తేడా తెలియదు. గడ్డ కరిగించే మందు నాళం చిట్లిన మనిషికి ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది. స్కాన్ కాకముందే ఊర్లో సూది వేయడం, ఆస్పిరిన్ మింగించడం అందుకే ప్రమాదం.

1995లో అమెరికాలో 624 మంది రోగుల మీద జరిపిన పరిశోధన ఫలితాలు వెలువడినాయి. మొదటి 3 గంటల్లో గడ్డ కరిగించే మందు ఇచ్చినవాళ్లలో, మూడు నెలల తర్వాత దాదాపు పూర్తిగా కోలుకున్నవాళ్లు కనీసం 30 శాతం ఎక్కువగా ఉన్నారు. మందుతో మెదడులో నెత్తురు కారే ప్రమాదమూ పెరిగింది. 2008లో వచ్చిన యూరప్ పరిశోధన ఆ గడువును నాలుగున్నర గంటలకు పెంచింది. 2015 నాటికి పెద్ద నాళంలోని గడ్డను తీగతో బయటికి లాగే చికిత్సకూ రుజువు దొరికింది. అంటే శాస్త్రం తన పని చేసింది. కాని ఆ నాలుగున్నర గంటలు గడియారంలో అందరికీ సమానమే, బతుకులో కాదు. మా నాయిన గంటలు ఆర్‌ఎంపీ కోసం చూడడంలో, అప్పు కోసం తిరగడంలో కరిగిపోయినయి. భూమి ఉన్నోడికి, ఇంటి ముందు కారు ఉన్నోడికి, డాక్టరు కొడుకు ఉన్నోడికి నాలుగున్నర గంటలు చాలా ఎక్కువ. కూలి మనిషికి అది జీపు కిరాయి పుట్టడానికి కూడా చాలదు.

ఇక నివారణ. 2010లో 22 దేశాల్లో, మన దేశంతో సహా, 3,000 మంది రోగులను మరో 3,000 మంది ఆరోగ్యవంతులతో పోల్చి చూశారు. పక్షవాతం ముప్పులో దాదాపు 90 శాతానికి పది కారణాలే మూలమని తేలింది. వాటిలో పెద్దది బీపీ. పొగ, మద్యం, చక్కెర వ్యాధి, తిండి, మానసిక ఒత్తిడి మిగతా వాటిలో ఉన్నాయి. అంటే ఇది ‘కర్మ’ కాదు, ‘చేతబడి’ కాదు. బాణామతి చేసిందని ఎవరినో అనుమానించి కొట్టే ఊర్లలో ఈ ఒక్క వాక్యం చెప్పడమే పెద్ద పని.

అయితే ఈ పది కారణాలను ‘అలవాట్లు’ అని తేల్చేస్తే సరిపోదు. భూపాలపల్లి బొగ్గుబావిలో రాత్రి షిఫ్టు చేసే కాంట్రాక్టు కార్మికుడి ఒత్తిడి, మహబూబాబాద్ తండాలో మిర్చి అప్పుల ఒత్తిడి, పచ్చడి మెతుకులతో పూట గడిపే మాదిగ వాడ తిండి, ఇవి అలవాట్లా? 2017లో మొదలైన జాతీయ బీపీ నియంత్రణ కార్యక్రమం మొదటి అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. బీపీ గోళీ ఖరీదైనది కాదు. ప్రతి నెలా తెగకుండా దొరకడం, దాని కోసం ఒక రోజు కూలి పోకుండా ఉండడం, అదీ అసలు సమస్య.

పడినాక లేపడం మూడో దశ. మన దేశంలో 14 ఆసుపత్రుల్లో 1,250 మంది మీద జరిగిన పరిశోధన 2017లో అచ్చయింది. మామూలు వైద్యంతో పాటు ఇంటివాళ్లకే వ్యాయామం, సేవ నేర్పి పంపితే రోగి మెరుగవుతాడా అన్నది ప్రశ్న. ఆరు నెలలకు చనిపోయినవాళ్లు, పరాధీనులుగా మిగిలినవాళ్లు కలిపి రెండు గుంపుల్లోనూ 47 శాతమే. తేడా లేదు. ఇంటివాళ్ల సేవ వృథా అని దీని అర్థం కాదు. ఆ భారం ఇంటి మీద వేసి, అదే పునరావాసం అని సర్కారు చేతులు దులుపుకోవడానికి రుజువు లేదని అర్థం. మా అవ్వ నాలుగేండ్లు నాట్లకు పోకుండా నాయినను లేపింది, కూచోబెట్టింది, కడిగింది. ఆ పోయిన కూలి ఏ పరిశోధన లెక్కలో పడుతుంది?

పరిశోధన అంటే మనకు అనుమానం ఊరికే రాలేదు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో దాదాపు 14 వేల మంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖ క్యాన్సర్ టీకా వేశారు. ఆదివాసీ పిల్లల తరఫున హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో ఆ కార్యక్రమం ఆగింది. పిల్లల మరణాలకు టీకాయే కారణమని విచారణ తేల్చలేదు. సమ్మతి తీసుకున్న తీరును మాత్రం 2013లో పార్లమెంటు కమిటీ గట్టిగా తప్పుపట్టింది. మాట పడిపోయిన మనిషి వేలిముద్రను సమ్మతి అనుకునే ప్రమాదం పక్షవాతం పరిశోధనలోనూ ఉంది. దానికి జవాబు పరిశోధనను తరిమికొట్టడం కాదు. మన భాషలో చెప్పమని, నష్టం జరిగితే పరిహారం ఇమ్మని, ఎప్పుడైనా తప్పుకునే హక్కును గౌరవించమని అడగడం. 2019 నాటి క్లినికల్ ట్రయల్స్ నియమాలు ఈ హక్కులను రాసిపెట్టినాయి.

ఇంకో ప్రశ్న. ఈ లెక్కలన్నీ చాలావరకు ఆసుపత్రి గడప తొక్కినవాళ్లవే. మంచంలోనే పోయినవాళ్లు లెక్కలో లేరు. లెక్కలో లేనివాడు చికిత్సలోనూ ఉండడు.

2022లో మహబూబాబాద్‌లో, 2023లో జనగామ, భూపాలపల్లిలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలైనాయి. ఇది మన పన్నుల సొమ్ము. అక్కడికి పోయి అడుగుదాం: రాత్రి రెండింటికి సి.టి. తీస్తారా? గడ్డ కరిగించే మందు ఉందా? ఫిజియోథెరపిస్టు ఎందరు? సమాచార హక్కు కింద రాతపూర్వకంగా అడుగుదాం. ఉపాధ్యాయ మిత్రులు బడిలో నాలుగు గుర్తులు నేర్పాలి: మూతి వంకర పోవడం, చెయ్యి జారడం, మాట తడబడడం, వెంటనే 108కు ఫోన్ చేయడం. ఎప్పటిదాకా బాగున్నాడో ఆ టైము రాసిపెట్టుకోవడం మరువొద్దు.

ఆ పొద్దున మా ఇంట్లో ఇది తెలిసినవాడు ఒక్కడూ లేడు. ఇప్పుడు వాడకొక్కడైనా ఉండాలి.