కుక్కకు విసిరిన కార్జం ముక్క



పండుగకో పెళ్ళికో వేట కోసినప్పుడు కార్జం మీద తెల్లని నీటిబుడగలు కనిపిస్తే ఏం చేస్తున్నారు? చాలామంది ఆ ముక్క కోసి, పక్కన కాచుకొని ఉన్న కుక్కకు విసిరేస్తారు. హైడేటిడ్ జబ్బు మన ఇళ్ళలోకి వచ్చే దారి సరిగ్గా అదే.

దీనికి కారణం ఎకైనోకాకస్ అనే బద్దెపురుగు. అది కుక్క పేగుల్లో ఉంటుంది, పొడవు ఒక సెంటీమీటరు కూడా ఉండదు. కుక్క చూడటానికి ఆరోగ్యంగానే ఉంటుంది. దాని మలంలో పురుగు గుడ్లు పడి గడ్డికి, మట్టికి, కుక్క బొచ్చుకు అంటుకుంటాయి. ఆ గడ్డి మేసిన గొర్రెకు కార్జంలో, ఊపిరితిత్తుల్లో నీటిబుడగలు వస్తాయి. వాటిని కుక్క పచ్చిగా తింటే కొన్ని వారాల్లో మళ్ళీ పురుగులు తయారు. కుక్కను నిమిరిన చేతులతో అన్నం తిన్నా, కడగని ఆకుకూర తిన్నా ఆ గుడ్లు మన కడుపులోకీ పోతాయి.

"అయితే మాంసం మానెయ్యాలా డాక్టరుగారూ?" అని అడుగుతారు. అక్కర్లేదు. ఈ జబ్బు మాంసం కూరతో రాదు. మాంసం ముట్టనివారికీ వస్తుంది. మనిషి నుండి మనిషికి అంటదు కనుక రోగికి కంచం, గ్లాసు వేరు పెట్టి బాధపెట్టకండి.

మన దేశంలో ఈ జబ్బు ఎక్కువగా కనిపించే రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఎడ్లపాడు, కొండవీడు వైపు జీవాలు పెంచేవారికి కుక్క లేనిదే గడవదు. దాన్ని తరిమేయమని మేము చెప్పడం లేదు. ప్రాజిక్వాంటెల్ ఉన్న పురుగుల మందు ఎన్నాళ్ళకొకసారి వెయ్యాలో పశువైద్యుణ్ణి అడగండి. బుడగలున్న కార్జాన్ని కాల్చండి, లేదా కుక్క తవ్వలేనంత లోతున పూడ్చండి.

ఐస్‌లాండ్ దేశంలో ఒకప్పుడు ఈ జబ్బు విపరీతంగా ఉండేది. 1863లో క్రబ్బే అనే డెన్మార్క్ పశువైద్యుడు అక్కడి కుక్కలను పరీక్షించి, జబ్బు ఎలా వస్తుందో మామూలు మాటల్లో చిన్న పుస్తకం రాశాడు. దాన్ని ఇంటింటికీ ఉచితంగా పంచారు. తరువాత చట్టాలూ వచ్చాయి. ఇప్పుడు ఆ దేశంలో మనుషులకు ఈ జబ్బు రావడం లేదు.

మనిషిలో తిత్తి ఏళ్ళ తరబడి చప్పుడు లేకుండా పెరుగుతుంది. ఎక్కువగా కార్జంలో, తరువాత ఊపిరితిత్తుల్లో. కుడి డొక్కలో బరువు, నొప్పి, తగ్గని దగ్గు ఉంటే పరీక్ష చేయించుకోండి. దగ్గులో ఉప్పునీరు, పొరల్లాంటి ముక్కలు పడితే ఆ రోజే రండి. తిత్తిని బట్టి ఆల్బెండజోల్ మాత్రలో, ఆపరేషనో డాక్టరు నిర్ణయిస్తారు. కొన్నింటికి స్కానింగులో చూస్తూ నిపుణులు సూదితో నీరు తీస్తారు. తెలియనివారి చేత మాత్రం సూది పెట్టించుకోవద్దు. తిత్తి పగిలితే క్షణాల్లో ప్రాణం మీదికి రావచ్చు. వచ్చేటప్పుడు పాత ఎక్స్‌రేలు, స్కానింగు కాగితాలు వెంట తెచ్చుకోండి.