ముందు కాగితం, తర్వాత పని



ఈమధ్య చాలామంది గృహిణులు ఇంటి దగ్గర నుంచే కంపెనీలకు ఉద్యోగుల్ని వెతికిపెట్టే పని చేస్తున్నారు. ఒక ఫోను, కంప్యూటరు, నలుగురితో ఓపిగ్గా మాట్లాడే నేర్పు ఉంటే చాలు, పెద్దగా పెట్టుబడి అక్కర్లేదు. అయితే పని దొరికినంత సులువుగా డబ్బు చేతికి రాదు.

నాకు తెలిసిన ఒకావిడ సంగతే చెబుతాను. లెక్కలు చూసే మనిషి కావాలంటే ఒక కంపెనీకి ముగ్గురి వివరాలు పంపింది. "ఎవరూ నచ్చలేదండీ" అన్నారు వాళ్ళు. నాలుగు నెలలు పోయాక చూస్తే, ఆ ముగ్గురిలో ఒకతను అక్కడే పనిచేస్తున్నాడు! అదేమిటని అడిగితే, "అతను తనంతట తానే వచ్చాడు, మీకేం సంబంధం?" అన్నారు. చూపించడానికి ఆవిడ దగ్గర ఒక్క కాగితం లేదు. నెల్లాళ్ళ శ్రమ నీళ్ళపాలైంది.

అంచేత మొదట ఫీజు సంగతి తేల్చుకోవాలి. మనిషి ఉద్యోగంలో చేరాకే ఫీజు ఇవ్వడం ఒక పద్ధతి. పెద్ద ఉద్యోగాలకైతే కొంత ముందుగా, కొంత మధ్యలో, మిగిలింది చేరాక ఇచ్చే పద్ధతీ ఉంది. మన దేశంలో తరచుగా వినిపించే లెక్క 8.33 శాతం, అంటే ఏడాది జీతంలో పన్నెండో వంతు. ఇక్కడే ఒక మెలిక ఉంది. ఏ జీతం మీద శాతం? బోనసూ, ప్రావిడెంటు ఫండూ అన్నీ కలిపి 6 లక్షలైతే మన ఫీజు 50 వేలు. అవన్నీ తీసేసి 4 లక్షల 80 వేల మీద కడితే 40 వేలే. ఒక్క మాట రాసుకోనందుకు 10 వేలు పోయినట్టేగా!

ఇక ఒప్పందంలో తప్పక ఉండవలసినవి:

1. మనం పంపిన అభ్యర్థిని, పంపిన తేదీ నుంచి ఆరు నెలల్లోగానో ఏడాదిలోగానో, ఏ ఉద్యోగంలోకి తీసుకున్నా ఫీజు మనదే. పైన చెప్పినావిడకు లేనిది ఈ వాక్యమే.

2. చేరిన మనిషి 60 లేక 90 రోజుల్లోగా మానేస్తే, ఇంకొకర్ని ఒక్కసారి ఉచితంగా చూపిస్తాం. డబ్బు వాపసు మాత్రం ఒప్పుకోకండి. కంపెనీయే ఆ ఉద్యోగం ఎత్తేస్తే ఈ హామీ వర్తించదని కూడా రాయండి.

3. బిల్లు ఎన్ని రోజుల్లో చెల్లిస్తారో రాయించుకోండి. పని మొదలుపెట్టకముందే ఉద్యమ్ పోర్టల్‌లో నమోదు చేసుకోండి, దానికి రుసుం లేదు. చిన్న సంస్థల కోసం 2006లో వచ్చిన చట్టం ప్రకారం, రాతపూర్వకంగా గడువు పెట్టుకున్నా అది 45 రోజులు దాటకూడదు. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ అడిగే హక్కు మనకుంటుంది.

4. జీ.ఎస్.టి. నమోదు ఉన్నవారు, ఫీజు మీద ఆ పన్ను అదనమని రాయాలి.

స్టాంపు కాగితాలూ, ప్లీడర్లూ లేకపోతే ఎలా అని బెంగపడకండి. ఈ షరతులన్నీ ఈ-మెయిల్లో పంపి, "అంగీకరిస్తున్నాం" అని వాళ్ళచేత జవాబు రాయించుకున్నా ఒప్పందమే. ఆ జవాబు వచ్చేదాకా మాత్రం ఒక్క బయోడేటా కూడా పంపకండి.

ఇంకొక మాట. ఫీజు ఇవ్వవలసింది కంపెనీ. ఉద్యోగం కోసం తిరిగే పిల్లల దగ్గర పైసా తీసుకోకండి. గల్ఫు వంటి విదేశాలకు మనుషుల్ని పంపాలంటే 1983 నాటి వలసల చట్టం కింద రిజిస్ట్రేషను ఉండాలి. అది లేకుండా అటు వెళ్ళనే వద్దు.

డబ్బు మాట ఎత్తాలంటే మనకి మొహమాటం. కూరలబండి దగ్గర మాత్రం తూకం వెయ్యకముందే ధర అడుగుతాం కదా! మన పనికీ అంతే. ముందే అడగడం అమర్యాద కాదు. చేసిన పనికి తర్వాత దేబిరించవలసి రావడమే బాధ.