కంటిచూపు కొలుచువారు

తరగతిలో వెనుక బల్లపై కూర్చుండు బాలుడొకడు నల్లబల్లమీది లెక్కను చూచి వ్రాయక, ప్రక్కవాని పుస్తకమును చూచి వ్రాయుచుండును. ఉపాధ్యాయుడు వానిని మందలించును. ఇంటివద్ద తల్లిదండ్రులు, వీనికి చదువుపై మనసు లేదందురు. వానికి మాత్రము తన కన్నులలో లోపమున్నదని తెలియనే తెలియదు. లోకమును మసకగా చూచుటకు అలవడినవాడు, అందరికిని లోకమట్లే కనబడునని తలచును. చేవెళ్ల దారికిరువైపుల నున్న మఱ్ఱిచెట్లు వానికి పచ్చని ముద్దలు. వాని ఆకులు విడివిడిగా కనబడునను సంగతి సులోచనములు ధరించిన దినముననే వానికి తెలియును. ఇట్టి లోపమును కనిపెట్టి, కొలిచి, సరిదిద్దుటకు శిక్షణ పొందినవారిని ఆప్టోమెట్రిస్టులందురు. మనము దృష్టిపరీక్షకులనవచ్చును.

వీరిని కంటివైద్యులుగా భ్రమించువారును, అద్దాల వర్తకులుగా భ్రమించువారును గలరు. కంటివైద్యుడు వైద్యవిద్య ముగించి, పిమ్మట నేత్రచికిత్సను ప్రత్యేకముగ నభ్యసించి శస్త్రచికిత్సలు చేయును. వర్తకుడు వ్రాసియిచ్చిన చీటి ప్రకారము కటకములను చట్రమున కూర్చును. చూపును కొలిచి ఆ చీటిని వ్రాయుట, అద్దములతో తీరని జబ్బును గుర్తించి వైద్యునియొద్దకు పంపుట దృష్టిపరీక్షకుని పని. ఈ రెండవదియే కష్టతరమైనదని నా యభిప్రాయము.

ఈ విద్యకు మన హైదరాబాదు పాత కాపురము. భారతదేశమున 1958లో రెండు ఆప్టోమెట్రీ పాఠశాలలు వెలసెను. ఒకటి అలీగఢ్‌లోని గాంధీ నేత్రాలయమున, రెండవది మన సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో. అప్పటిది రెండేండ్ల చదువు. 1985లో మద్రాసున నాలుగేండ్ల పట్టవిద్య ఆరంభమయ్యెను. చలనచిత్ర దర్శకులు ఎల్.వి. ప్రసాద్ గారొసగిన స్థలమున డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు 1987లో స్థాపించిన నేత్రవైద్య విజ్ఞానసంస్థ కూడ ఈ విద్యను చేపట్టెను. మొయినాబాదునుండి పట్నము వైపు పోవుచు హిమాయత్‌సాగర్ దాటినపిమ్మట వచ్చు కిస్మత్‌పూరులో ఆ సంస్థవారి ఆప్టోమెట్రీ కళాశాల గలదు. ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు బ్రయన్ హోల్డెన్ పేరు దానికి పెట్టిరి. ఇంటర్మీడియెటులో భౌతిక, రసాయన శాస్త్రములతో జీవశాస్త్రమునో గణితమునో చదివినవారు ఈ విద్యకు పోవచ్చును. వెలుగు కటకములగుండ వంగు విధము, కంటి నిర్మాణము, కంటి వ్యాధులు నేర్చి, కడపటి సంవత్సరము రోగుల నడుమ పనిచేయవలెను. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్యవృత్తుల చట్టములో ఈ వృత్తికిని స్థానము లభించెను.

పరీక్ష యెట్లు చేయుదురో చూడుడు. ముందుగ ఆరు మీటర్ల దూరమున అక్షరముల పటమును చదివింతురు. హెర్మన్ స్నెల్లెన్ అను డచ్చి వైద్యుడు 1862లో కల్పించిన పద్ధతియిది. చూపు 6/60 అనగా, మంచి కన్ను అరువది మీటర్లనుండి చదువగల యక్షరమును ఈ కన్ను ఆరు మీటర్లనుండి మాత్రమే చదువగలదని యర్థము. పిమ్మట గది చీకటిచేసి, రెటినోస్కోపు అను చేతిపనిముట్టుతో కంటిపాపలోనికి వెలుగును ప్రసరింపజేసి యటునిటు కదలింతురు. లోనుండి తిరిగివచ్చు ఎఱ్ఱని కాంతి, వెలుగు కదలినవైపునకే కదలినచో ఒక జాతి కటకమును, ఎదురుగ కదలినచో మరియొక జాతి కటకమును అడ్డుపెట్టి చూతురు. ఏ కటకముతో ఆ కదలిక నిలిచిపోవునో, దానినిబట్టి లోపము తేలును. ఇందు రోగి నోరు మెదపనక్కరలేదు. కావున పాలుత్రాగు పసివానికిని, మాటరానివానికిని చూపు కొలువవచ్చును. పిల్లల కన్ను దగ్గరకు బిగిసి లోపమును తప్పుగ చూపు స్వభావము కలది. అందుచేత చుక్కలమందు వేసి, కంటిని సడలించి కొలుచుట మంచిది. యంత్రమున తల పెట్టించి, క్షణములో వచ్చిన చీటినే నమ్మి అద్దములు కొనుట పిల్లల విషయమున తగదు.

కటకముల బలమును డయాప్టర్లలో చెప్పుదురు. రెండు డయాప్టర్ల హ్రస్వదృష్టి గలవానికి అరమీటరు దాటిన వస్తువేదియు స్పష్టముగ కానరాదు. వెనుకబల్ల బాలుని కష్టము దీనినిబట్టి మీరే యూహింపుడు.

నలుబది యేండ్లు దాటినవారికి చత్వారము వచ్చును. సూదిలో దారమెక్కింపలేని దర్జీకిని, బియ్యములో రాళ్లేరలేని తల్లికిని అల్పమైన వెలగల అద్దముల జతయే చాలును. అయితే అద్దముల కొరకు వచ్చిన ఆ మనిషికే నీటికాసులు లోలోపల ముదురుచుండవచ్చును; చక్కెరవ్యాధి నేత్రపటలమును తినివేయుచుండవచ్చును. ఈ రెండును మొదట నొప్పి పెట్టవు. కంటిలోని ఒత్తిడిని కొలిచి, వెనుక నరమును పరికించిన పరీక్షకుడే వానిని వేళకు పట్టగలడు.

గ్రామములయందు ఈ కొరత యెంతటిదో లెక్కలు చెప్పుచున్నవి. 1996 మొదలు 2000 వరకు ఆంధ్రప్రదేశమున జరిగిన నేత్రవ్యాధి పరిశోధనలో, అంధత్వమునకు సుమారు 16 పాళ్లు కారణము సులోచనములు లేకపోవుటయే యని తేలెను! మనకు పొరుగైన మహబూబ్‌నగర్ జిల్లా పల్లెలలో నాలుగువేల పైచిలుకు పిల్లలను చూడగా, చూపు తగ్గిన కన్నులలో నూటికి 61 అద్దములతో సరిదిద్దదగినవే. అందుకే పల్లెలలో సుమారు ఏబదివేల జనమున కొక దృష్టికేంద్రము చొప్పున నెలకొల్పి, స్థానిక యువతీయువకులకు ఒక యేడు శిక్షణ యిచ్చి నియమించు పద్ధతి వచ్చెను. 2018లోను, 2023లోను తెలంగాణ ప్రభుత్వము నడపిన కంటివెలుగు శిబిరములలో దృష్టిపరీక్షకులు ఊరూర తిరిగి చూపులు కొలిచి అద్దములిచ్చిరి.

శిబిరము వచ్చువరకు వేచియుండనక్కరలేదు. పిల్లవానిని గోడకు తగిలించిన పంచాంగపు కాగితమునకు ఎదురుగ, దూరముగ నిలువబెట్టి, ఒక్కొక్క కంటిని అరచేత మూయించి చదివింపుడు. రెండు కన్నులతో చదివించిన లాభము లేదు. మంచి కన్ను చెడ్డకంటి లోపమును కప్పిపుచ్చును. రెంటికిని నడుమ భేదము కనబడినచో వెంటనే పరీక్షకు తీసికొనిపోవలెను. వాడక విడిచిన కన్ను సోమరిదగును. ఏడెనిమిదేండ్లలోపున మంచికంటికి పట్టీ కట్టి దానిచేత పనిచేయించినచో చాలవరకు తిరిగివచ్చును. ఆ వయసు మీరినకొలది తిరిగివచ్చుట దుర్లభము.