గడులు చాలని లెక్క

మోటారుకారు నడచిన దూరమును చూపు మీటరును మీరు చూచియుందురు. అందు ఐదు గడులే ఉన్నచో 99,999 తరువాత లక్ష కనిపించదు, 00000 కనిపించును. కారు నడచుచునే యుండును గాని లెక్క తప్పును. కంప్యూటర్ల మధ్య సమాచారమును చేరవేయు ప్రోగ్రాములలో కూడ ఇట్టి చిక్కు ఏర్పడినది.

అనేక ప్రోగ్రాములు ఉమ్మడిగా వాడుకొను సిద్ధభాగములను లైబ్రరీ అందురు. స్వీడను దేశస్థుడు డేనియల్ స్టెన్‌బర్గ్ ప్రారంభించిన కర్ల్ ప్రోగ్రాము నుండి 2000లో వెలువడిన లిబ్‌కర్ల్ అట్టిది. ఫైళ్లను ఒక కంప్యూటరు నుండి మరొకదానికి చేర్చుట దీని పని. పంపవలసిన ఫైలులో ఎన్ని బైట్లు గలవో దీనికి ముందుగా ఒక సంఖ్యతో చెప్పవచ్చును.

ఆనాటి అనేక యంత్రములలో ఆ సంఖ్యకు 32 బిట్లు, అనగా 32 గడులు, మాత్రమే ఉండెడివి. ఒక్కొక్క గడిలో 0 గాని 1 గాని ఉండును. ఒక గడి ధన ఋణ చిహ్నమునకు పోగా, మిగిలిన 31 గడులలో పట్టు గరిష్ఠ సంఖ్య 214,74,83,647. దీనికి 1 కలిపినచో సాధారణముగా ఋణసంఖ్య వచ్చును. ఫైలు పరిమాణము ఋణసంఖ్య ఎట్లగును? సెకనుకు 10 లక్షల బైట్ల చొప్పున పంపినచో ఈ హద్దు 36 నిమిషములలోపే ఎదురగును.

గడులను 64 చేసిన సరిపోదా? అంత సులభము కాదు. పాత ప్రోగ్రాములు 32 గడులే అందించును. లైబ్రరీ 64 గడులు చదివినచో, పక్కనున్న సంబంధము లేని అంకెలు కూడ లెక్కలో చేరును. అప్పుడు చిన్న ఫైళ్లు సైతము చెడును. కావున 2004లో పాత అమరికను కదల్చక, దాని పేరు చివర ‘లార్జ్’ అను మాట చేర్చి, 64 గడుల కొత్త అమరికను ప్రక్కనే ఏర్పరచిరి. పాత ప్రోగ్రాములకు భంగము కలుగలేదు. కొత్తవాటికి దారి ఏర్పడినది.

ఇంకొక జాగ్రత్త గలదు. కాలువను ఎంత వెడల్పు చేసినను, నడుమ ఒక్క తూము ఇరుకైనచో నీరు సాగదు. సంఖ్య పోవు దారిలో ఒక్కచోట 32 గడులు మిగిలినను లోపము తీరదు. కనుక హద్దుకు సమానమైన ఫైలుతోను, ఒక బైటు తక్కువ, ఒక బైటు ఎక్కువ గల ఫైళ్లతోను పరీక్షింపవలెను. చిన్న ఫైళ్లతో చేసిన పరీక్షలో ఈ తప్పు బయటపడదు.

64 గడులలో చిహ్నము పోగా 63 మిగులును. పై వేగముతోనే ఆ హద్దు చేరుటకు సుమారు 2,92,000 సంవత్సరములు పట్టును. విద్యార్థులు ఈ లెక్కను స్వయముగా చేసి చూడవచ్చును. హద్దు తొలగిపోలేదు, మన అవసరమునకు అందనంత దూరము జరిగినది.