అంటార్కిటికాను విడిచి వచ్చిన నేల

సింహాచలము కొండలలో కనిపించు ఖోండలైటు శిలకు తోబుట్టువు లెక్కడ నున్నవని అడిగినచో, భూవిజ్ఞాని ముందుగా ఒడిశాను చూపి, ఆ పిమ్మట మన చూపును హిందూ మహాసముద్రము దాటించి, మంచుక్రింద మునిగియున్న తూర్పు అంటార్కిటికా తీరమున నిలుపును. సుమారు 100 కోట్ల సంవత్సరముల క్రిందట ఆ గట్టును, మన తూర్పు కనుమలును ఒకే పర్వతశ్రేణిలోని భాగములు. కొత్తగూడెపు బొగ్గుపొరలలో అచ్చుపడియున్న గ్లాసోప్టెరిస్ అను ప్రాచీనవృక్షపు ఆకులే అక్కడను దొరకినవి. దక్షిణ ధ్రువమునుండి మరలివచ్చుచు 1912లో మరణించిన స్కాటు బృందమువారు, ఒక్కొక్క తులము బరువును ప్రాణాంతకమైన ఆ దారిలో సైతము విడువక మోసిన రాళ్ళలో ఆ యాకుల ముద్రలు గలవు.

అదే సంవత్సరమున జర్మను శాస్త్రజ్ఞుడు ఆల్ఫ్రెడ్ వెగెనర్ ఖండములు చలించుచున్నవని ప్రకటింపగా పలువురు పండితులు పరిహసించిరి. వారిని మూఢులనుట న్యాయము గాదు. ఖండములను కదలించు శక్తి యేదని వారడిగిన ప్రశ్నకు ఆయన చెప్పిన సమాధానము నిజముగనే దుర్బలము. 1930లో ఆయన గ్రీన్లాండు మంచులో మరణించిన మూడు దశాబ్దములకు గాని, సముద్రగర్భమున నడిమి గట్లవెంట కొత్త నేల పుట్టి ఇరుప్రక్కలకు జరుగుచున్నదన్న సాక్ష్యము లభింపలేదు.

భూమి పైపొర కొన్ని పెద్ద పలకలుగను, పెక్కు చిన్న పలకలుగను చీలియున్నది. వాని క్రింద నున్నది కరగిన ద్రవమని తలచువారు నేటికిని గలరు గాని, అది ఘనశిలయే. తీవ్రోష్ణమువలన యుగములమీద మెల్లగా ప్రవహించును. మంచముమీది దుప్పటి అంచు జారి వ్రేలాడినచో తక్కిన దుప్పటినిగూడ లాగికొని పోవునట్లు, చల్లబడి బరువెక్కిన సముద్రపు పలక భూగర్భములోనికి క్రుంగుచు తన వెనుకనున్న దానినంతయు ఈడ్చును. పలకల గమనమునకు ఇదియే ముఖ్యకారణము.

సుమారు 13 కోట్ల యేండ్ల క్రిందట అంటార్కిటికానుండి వేరుపడి, పిదప మడగాస్కరును విడనాడి, 6.6 కోట్ల యేండ్లనాడు దక్కనులో చాలభాగమును లావాతో కప్పిన మహోద్భేదమును మోసికొనుచు (ఆనాటి నల్లరాయి రాజమహేంద్రవరము చెంతనున్న కాతేరులో నేటికిని చూడనగును) మన పలక యేటికి 15 సెంటీమీటర్లకు మించిన వేగముతో ఉత్తరమునకు సాగెను. నడుమనున్న టెథిస్ సముద్రము అడుగున గల పలక ఆసియా క్రిందికి క్రుంగి అంతరించినది. సుమారు 5 కోట్ల యేండ్లనాడు ఖండము ఖండమును తాకెను. ఖండశిల తేలికయగుటచే సముద్రపు నేలవలె లోనికి దిగజాలదు. కావున మడతలుపడి, ఒకదానిపై నొకటి యెక్కి, హిమాలయములై లేచెను. టిబెట్టు పీఠభూమియు నాలుగున్నర కిలోమీటర్లకు పైబడి యుబ్బెను. 8,848.86 మీటర్ల ఎవరెస్టు శిఖరమున నున్నది సముద్రజీవుల అవశేషములు గల సున్నపురాయి! గండకీనదిలో దొరకి మన పూజాపీఠముల కెక్కిన సాలగ్రామములు టెథిస్‌లో నీదిన అమ్మోనైటుల శిలారూపములే.

ఈ ప్రయాణము ముగిసినది గాదు. వేగము తగ్గినను మన నేల నేటికిని యేటికి సుమారు 5 సెంటీమీటర్లు జరుగుచునే యున్నది. అందు కొంత హిమాలయమున ఒత్తిడిగా కూడి కూడి 1934లో బీహారును, 1950లో అస్సామును, 2015లో నేపాళమును కంపింపజేసినది. దక్కను సురక్షితమని మనము నిశ్చింతగా నుండుట నాకు సమంజసముగా తోచదు. పలక అంచున పుట్టిన ఒత్తిడి లోపలి పాత పగుళ్ళవరకు ప్రాకును. గోదావరి లోయయే అట్టి పురాతనమైన చీలిక. 1969 ఏప్రిల్ 13న భద్రాచలము, 1993 సెప్టెంబరు 30న ఆ లోయకు వెలుపలి లాతూరు, 2024 డిసెంబరు 4న ములుగు ప్రాంతము అదరినవి. ఆ లోయలో ఇల్లు కట్టదలచినవారు పునాది తీయుటకు ముందు ఈ తేదీలను తమ ఇంజనీరుకు చెప్పి, కంపమునకు తట్టుకొను కట్టడమునే కోరుదురు గాక.