నేల తన నిధిని దాచుకొను చోటులు

మూలధనమునకును, రాబడికిని గల భేదము మన సంఘములోని ప్రతి సభ్యుడును ఎఱుగును. ఏటేట వచ్చిన లాభమును పంచుకొనవచ్చును గాని, నిలువనిధిని పంచుకొని తిన్న సంఘము చిరకాలము నిలువదు. నేలకును ఇట్టి మూలధనము గలదు. అయితే అది అన్ని దేశములందును ఒక్కచోటనే యుండదు. వానను, ఎండను, చలిని బట్టి ప్రకృతి దానిని ఒక్కొక్క మండలమున ఒక్కొక్క విధముగా దాచినది. అది ఎచ్చట నున్నదో తెలియక వ్యయపఱచిన రైతులు ఎట్టి కష్టముల పాలైరో చెప్పుటకై ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

ముందుగా భూమధ్యరేఖ సమీపముననున్న వర్షారణ్యములను చూతము. దక్షిణ అమెరికాలోని అమెజాను నదీప్రాంతమున ఏటికి 80 అంగుళములు, పెక్కుచోట్ల అంతకు మించియు వాన కురియును. చెట్లు నూఱడుగులకు పైగా పెరుగును. పెక్కింటి ఆకుల కొనలు సన్నగా సాగియుండి, పడిన నీటిని వెంటనే జార్చివేయును. ఇంతటి అడవిని పోషించు నేల మిక్కిలి సారవంతమని ఎవరైనను తలంతురు. కాని చాలచోట్ల అది నిస్సారము. ఎడతెగని వానలు నేలలోని సారమును కడిగివేయును. అందుచేత వృక్షములు తమ వేళ్లను పైపొరలోనే పఱచి, వాని నంటియుండు శిలీంధ్రముల సాయమున, రాలిన ఆకు కుళ్లగనే దాని సారమును మరల గ్రహించును. ఇచ్చటి నిధి నేలలో గాక చెట్లలోనే యున్నది. అడవిని నఱికి కాల్చినచో బూడిద బలమున రెండు మూడు పంటలు వచ్చును. పిమ్మట నేల చేతులెత్తివేయును.

ఉత్తర ధ్రువమునకు దాపుననున్న టండ్రా భూములు దీనికి పూర్తిగా విరుద్ధములు. అచ్చట వేసవి కొలది వారములు మాత్రమే. ఆ వేసవిలో పైపొర కరగునే గాని, దిగువనున్న నేల ఏడాది పొడవునను గడ్డకట్టియే యుండును. కావున పెద్ద చెట్లు వేళ్లూనజాలవు. మొక్కలు కొలది అంగుళముల ఎత్తున, చలిగాలికి తల యెత్తక, గుంపుగా నేల నంటి పెరుగును. అచ్చటి నక్క వేసవిలో గోధుమవన్నెయు, చలికాలమున తెల్లని దట్టమైన బొచ్చును దాల్చును. చలిచేత చచ్చిన మొక్కలు త్వరగా కుళ్లవు. వేలకొలది యేండ్లుగా అవి ఆ గడ్డలోనే నిలువయున్నవి. భూగోళము వేడెక్కుటచే నేడు ఆ గడ్డ పలుచోట్ల కరగుచున్నది. అందుండి బొగ్గుపులుసు వాయువు మొదలగునవి వెలువడి, ఆ వేడిమిని ఇంకను హెచ్చించుచున్నవి.

ఇక ఎడారులలో నీరే నిధి. అమెరికాలోని అరిజోనా ఎడారిలో పెరుగు సాగువారో అను జెముడు మొక్క కాండము ముడుతలు ముడుతలుగా నుండును. వాన కురియగనే ఆ ముడుతలు విచ్చుకొని, కాండము ఉబ్బి, నీటిని నిలువచేసికొనును. మెస్క్విటు చెట్టు వేళ్లు నీటిని వెదకుచు 150 అడుగులకు పైగా దిగిన సందర్భము గలదు. కొన్ని చిన్న మొక్కలు విత్తనరూపమున ఏండ్లతరబడి ఇసుకలో వేచియుండి, మంచి వాన పడినప్పుడు మొలచి, కొలది వారములలో పూచి కాచి చచ్చును. ఒంటె మూపురమున నుండునది నీరుగాదు, క్రొవ్వు. మేత దొరకని దినములకై దాచుకొన్న తిండి. మనము సర్కారు తుమ్మ అని పిలుచునది ఆ మెస్క్విటునకు దాయాదియే. 1870 దశకమున దాని విత్తనములను విదేశమునుండి తెప్పించి, కడప ప్రాంతమున నాటించిరి. కఱువునకు తాళుటకై ఏర్పడిన ఆ చెట్టు నేడు మన బీళ్లను, చెఱువులను ఆక్రమించి, పెకలింప శక్యము గాకున్నది.

మిగిలినవి తృణభూములు. అరణ్యము పెరుగుటకు చాలని వాన, ఎడారి యగుటకు మించిన వాన గల చోటులు ఇవి. ఉత్తర అమెరికా మైదానములందు గడ్డి మొలక మొదలు నేలమట్టమునకు దిగువనుండును. కావున అడవిదున్నలు మేసినను, నిప్పు కాల్చినను మరల చిగుర్చును. కొన్ని గడ్డిజాతుల వేళ్లు ఆఱడుగులకు పైగా దిగును. మొక్కలో అధికభాగము నేలలోపలనే యుండును. ఆ వేళ్లు చచ్చి కుళ్లి, వేలయేండ్లకు నల్లని సారవంతమైన మట్టిగా మారినవి. ఇచ్చటి నిధి వేళ్లలోను, వేళ్లు పట్టియుంచిన మట్టిలోను గలదు.

1914లో మొదలైన మహాయుద్ధ కాలమున గోధుమ వెల హెచ్చగా, ఆ దేశపు రైతులు ట్రాక్టర్లతో లక్షలకొలది ఎకరముల పచ్చికను దున్నిరి. పిమ్మట వెల పడిపోగా, అప్పులు తీర్చుటకై ఇంకను ఎక్కువ నేలను దున్నిరి. 1930 దశకమున వరుసగా వానలు తప్పినవి. పట్టియుంచు వేళ్లు లేక మట్టి గాలికి లేచినది. 1935 ఏప్రిల్ 14వ తేదీన లేచిన ధూళితుపాను పట్టపగలే చీకటి చేసెను. లక్షలమంది ఇండ్లు వాకిళ్లు విడిచి వలసపోయిరి. ఆ నెలలోనే అచ్చటి ప్రభుత్వము నేలను కాపాడుటకు శాసనము చేసెను. 1937 మొదలు రైతులే ఊరూర కూడి, నేలసంరక్షణ మండలములు స్థాపించుకొని, వాలునకు అడ్డముగా దున్నుట, గడ్డి నాటుట, గాలికి అడ్డముగా చెట్లు పెంచుట మొదలిడిరి.

ఈ కథ మనకు దూరమైనది కాదు. ఆ ధూళిప్రాంతమున సగటు వాన ఏటికి 20 అంగుళములకు లోపు. మన అనంతపురమున ఇంచుమించు 22 అంగుళములు. ఆ వానయు అధికభాగము కొలది నెలలలోనే కురిసిపోవును. మన కొండలలోని టేకు వేసవిలో ఆకులన్నియు రాల్చి, తనలోని నీటిని కాపాడుకొని, రాలిన ఆకుతో నేలను కప్పును. జొన్న ఎండకు ఆకు చుట్టుకొని, పెరుగుట నిలిపి, వాన రాగానే మరల సాగును. కంది తన వేరును లోతునకు పంపును. మన మెట్టనేల నిధి జానెడు పైమట్టిలోను, దానిని కప్పియున్న ఆకుచొప్పలలోను ఉన్నదని ఈ మొక్కలు మనకు చెప్పుచున్నవి.

కావున మోళ్లను, ఆకును కాల్చివేయుట నిలువనిధిని తగులబెట్టుటయే. వాలునకు అడ్డముగా దున్నుట, గట్లు వేయుట, జొన్నలో కందిని సాళ్లుగా విత్తుట, పశువుల బీడును పూర్తిగా దున్నివేయకుండుట ప్రతి రైతునకును సాధ్యములే. అయితే ఒక్కని చేనిలో గట్టు వేసి, ఎగువ చేనిని విడిచినచో ఆ గట్టు నిలువదు. నీరు సరిహద్దురాళ్ల నెఱుగదు. అందుచేత ఈ పని సంఘముగా పూనుకొనవలసినది. తొలకరికి ముందే సభ్యులు కూడి, తమ ఊరి వాలును చూచి, ఎవరి చేనిలో ఏ గట్టు ముందు వేయవలయునో నిర్ణయించుకొందురని ఆశించుచున్నాము.